మూడు పిన్నీసులు

సోర్సప్ప పోయినాడని లారీ ఓనర్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మా బావ కాఫీ తాగుతూ ఆ కబురు చదివి వినిపించాడు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యలో ఎవరో మహానుభావుడు వేలు జారి పుట్టినరోజు కేకు బొమ్మ పెట్టి, తీసేయడం చేతగాక అలాగే వదిలేశాడు. సోర్సప్ప అది చూసి ఉంటే బాధపడేవాడు కాదు. "ఆ కేకు ఏం రంగక్కా?" అని నన్ను అడిగేవాడు.

ఆ ప్రశ్న అతను ఎందుకు అడిగేవాడో బళ్ళారి మొత్తంలో నాకొక్కదానికే తెలుసని పదేళ్ళకు పైగా గర్వపడుతూ బతికాను. ఆ గర్వం కాస్తా నిన్న కాఫీ చల్లారేలోపు పోయింది. అది తర్వాత చెబుతాను. ముందు మనిషి సంగతి.

అసలు పేరు నాకు తెలియదు. ఇంట్లో థియేటర్ పెట్టుకున్న వాళ్ళెవరిని అడిగినా సోర్సప్ప అనే అంటారు. తెర ఎంత పెద్దది, స్పీకర్లు ఎన్ని అని మగవాళ్ళు గొప్పలు చెప్పుకుంటుంటే ఓపికగా వినేవాడు. అంతా అయ్యాక ఒక్కటే అడిగేవాడు. "అదంతా సరేనప్పా, సోర్సేంది?" అంటే, ఆ బొమ్మ ఎక్కడి నుంచి వస్తోందని. కేబుల్ నుంచా, డిష్ నుంచా, డిస్క్ నుంచా, పెన్ డ్రైవ్ నుంచా. దానికి జవాబు చెప్పలేక ఎంతటి మీసాలవాడైనా నీళ్ళు నమిలేవాడు.

మా బావ కూడా నమిలాడు. బావంటే నా మొగుడే. మేనత్త కొడుకును చేసుకున్నాను కాబట్టి తల నెరిసినా ఆ పిలుపు పోలేదు. వాళ్ళది ఎమ్మిగనూరు, వరి పండించిన ఇల్లు. దోణిమలై గనుల నుంచి ఇనుప ఖనిజం తోలే రోజుల్లో టిప్పర్లు కొని బళ్ళారి చేరారు. అప్పట్లో టిప్పరున్న ప్రతివాడికీ ఇంట్లో ఒక సినిమా హాలు కావాలనిపించింది. ఎందుకని నన్నడగవద్దు, ఊళ్ళో సినిమా హాళ్ళు ఉండనే ఉన్నాయి. మా బావ దాయాది ఒకడు పెట్టాడు కాబట్టి మా బావా పెట్టాలి, అంతే. గోడంత టీవీ తెచ్చాడు. తెచ్చి దానికి వీధిలో పోయే కేబుల్ వైరు తగిలించాడు. హీరోయిన్ మొహం రాగి సంగటి ముద్దలా వచ్చింది. నేను నవ్వాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు, నాలుగో రోజు సోర్సప్పను పిలిపించాడు.

మోపెడ్ మీద వచ్చాడు. సన్నటి మనిషి, పొట్టి చేతుల చొక్కా. ముందర ఒక గోనెసంచి, మెడలో నల్లతాడుకు గుచ్చిన పెన్ డ్రైవులు. సంచిలోంచి డిస్క్ తీసినప్పుడు మాత్రం చూడాలి అతన్ని. నూనెలోంచి తీసిన పూరీని పట్టుకున్నట్టు రెండు వేళ్ళ కొసలతో అంచు పట్టుకుని, ఊదేవాడు. ఇంకొకరి చెయ్యి దగ్గరికొస్తే ఆ మనిషి ఎవరైనా సరే మోచేత్తో తోసేసేవాడు. మా బావను కూడా తోశాడు. ఆ ఒక్క పనితోనే నాకు నచ్చాడు.

టీవీని, కేబుల్ వైరును చూసి పెద్దగా ఏమీ అనలేదు. "కాలవలో బురదొస్తాంటే ఇంట్లో వెండి కొళాయి పెట్టుకుంటే ఏం ఫాయిదా అప్పా?" అన్నాడు. తర్వాత ఒక కుర్చీ తెచ్చి టీవీకి ముందు వేసుకున్నాడు. వేసుకుని, టీవీకి వీపు పెట్టి, మా వైపు తిరిగి కూర్చున్నాడు.

"బొమ్మ వెనకుండాదప్పా" అన్నాడు మా బావ.

"తెలుసన్నా. నాకెందుకు బొమ్మ? చూసేది మీరు గదా. మిమ్మల్ని చూస్తే నాకు తెలుస్తాది."

అతని పద్ధతి అది. ఒకే బొమ్మను ఒక్కొక్క సోర్సు నుంచి వేయించి, ఇంట్లో వాళ్ళ మొహాలు చూసేవాడు. కళ్ళు చిట్లించారా, ముందుకు వంగారా, పక్కవాళ్ళతో కబుర్లలో పడ్డారా. ఆ ఒకే బొమ్మ ఏమిటంటే, రెండు నిమిషాల మిరప చేను. నల్లరేగడి పొలానికి పోయి తనే వీడియో తీసుకొచ్చాడు. ఒకే చెట్టుకు పచ్చికాయలూ పండుకాయలూ కలిసి ఉంటాయి. గాలికి ఊగుతుంటాయి, మధ్యలో ఒక రైతు నిలబడి ఉంటాడు. కథా లేదు, పాటా లేదు. అది డిస్క్‌లో ఉండేది, పెన్ డ్రైవులో ఉండేది. కేబుల్‌లో ఎలా అంటారా, కేబుల్ ఆఫీసులో ఎవరినో మంచి చేసుకున్నాడు. తను ఎవరింట్లోనైనా పరీక్ష పెట్టిన రోజు సాయంత్రం నాలుగింటికి వాళ్ళు ఆ రెండు నిమిషాలూ వేసేవాళ్ళు. సగం బళ్ళారి ఆ మిరపచేను చూసింది. ధర పెరగబోతోందని సర్కారు వాళ్ళు చెబుతున్న సూచన అనుకుని మా పక్కింటావిడ ఏడాదికి సరిపడా కారం ఆ వారమే పట్టించుకుంది.

చేను ఊగుతుండగా అడిగేవాడు. "అక్కా, మెరపకాయలు ఎట్లుండాయి? ఏది పచ్చికాయ, ఏది పండుకాయ, చూపించు."

మగవాళ్ళను అడిగేవాడు కాదు. "మగోళ్ళు సోర్సు బాగలేకున్నా సూపరంటారక్కా, దుడ్డు పెట్టినారు గదా" అనేవాడు. ఆడవాళ్ళు లేచి తెర దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూపించేవాళ్ళు. అతను మెడ తిప్పి ఆ వేళ్ళను శ్రద్ధగా చూసేవాడు. డిష్‌లో అయితే మిరపచేను రాదు కాబట్టి వార్తలు చదివే అమ్మాయి బొట్టు ఏం రంగని అడిగేవాడు. ఆ రోజు మా ఇంట్లో కేబుల్‌లో కాయలూ ఆకులూ కలిసి పచ్చడైపోయాయి. డిష్‌లో అమ్మాయి బొట్టు బాగానే ఉంది కానీ వాన మబ్బు పట్టగానే ఆమె మొహం గళ్ళుగళ్ళుగా విడిపోయింది. పెన్ డ్రైవులో బాగుంది. డిస్క్‌లో కాయ మీది మెరుపు కూడా కనిపించింది, మా అత్త ముందుకు వంగి "తొడిమ వాడినాది, నీళ్ళు పెట్టలే ఎవుడో" అని రైతును తిట్టింది.

సోర్సప్ప కుర్చీలోంచి లేచాడు. "అమ్మ తిట్టింది గదా, అదీ సోర్సంటే" అన్నాడు.

ఆ మాటతో మా బావ పడిపోయాడు. టీవీ కాదు, ప్రొజెక్టరే పెట్టిద్దామన్నాడు. బెంగళూరులో ఏదో ఆఫీసు వాళ్ళు తీసేసిన పాత ప్రొజెక్టర్ ఒకటి సోర్సప్పే తెచ్చాడు, మేకపోతంత బరువుంది. కంప్యూటర్‌లో డిస్క్ వేస్తే, అక్కడి నుంచి ఒక లావుపాటి వైరు ప్రొజెక్టర్ దాకా పోతుంది. పోయి, అక్కడ అయిదు తలలుగా చీలుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు. ఏ రంగు తలను ఆ రంగు రంధ్రంలో పెట్టాలి. చిన్న పిల్లలు చేసే పని.

అందులో రెండు తలలకు ముళ్ళుండేవి. తల కింద సన్న దారం చుట్టి ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు. "ఈ ముళ్ళేందప్పా?" అన్నాను. "దిష్టికక్కా" అన్నాడు. ఎలక్ట్రిక్ వైరుకు దిష్టేమిటని నవ్వాను. బడిలో లెక్కలు చెప్పేదాన్ని, ఇలాంటివి వింటే నాకు ఒళ్ళు మంట. కానీ అతను నవ్వలేదు, నా వైపు చూడను కూడా లేదు.

ఒకరోజు బడి నుంచి వస్తుంటే మా వీధి మొగలో కూరగాయల బండి దగ్గర కనిపించాడు. నన్ను చూడలేదు. ఒక టొమేటో తీసుకుని నొక్కి, వాసన చూసి, బండి ఆవిడకు చూపించి అడుగుతున్నాడు. "అక్కా, ఇది పచ్చిదా, పండుదా?" ఆవిడ విసుక్కుంది. "కండ్లు లేవా నీకు?" అంది. అతను నవ్వేశాడు, టొమేటో పెట్టేసి ఉర్లగడ్డలు కొనుక్కుని వెళ్ళిపోయాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. అక్కడ టీవీ లేదు, ప్రొజెక్టర్ లేదు, సోర్సు లేదు. ప్రశ్న మాత్రం అదే. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా ఆ మనిషికి తెలియదు. మిరపకాయలతో ఇన్నాళ్ళూ అతను టీవీని పరీక్షించలేదు, మా కళ్ళు అప్పు తెచ్చుకున్నాడు. ముళ్ళు కూడా దిష్టికి కాదు. రంధ్రాల వరస అతనికి కంఠతా వచ్చు, తలలకే గుర్తు కావాలి: ఒక ముడి ఎరుపు, రెండు ముళ్ళు ఆకుపచ్చ. నీలం తెలుస్తుంది కాబట్టి దానికి ముడి లేదు.

ముందు నవ్వొచ్చింది, దాచను. ఊరందరి ఇళ్ళల్లో రంగులు సరిచేసే మనిషికి రంగులు తెలియవు. తర్వాత భయం వేసింది. అతనికి భార్య, ఇద్దరు ఆడపిల్లలు, ఆ మోపెడ్, ఆ గోనెసంచి. ఈ సంగతి బయటపడిందంటే మర్నాటి నుంచి అతన్ని గుమ్మం ఎక్కనిచ్చేవాడు ఉండడు. టిప్పర్ల వాళ్ళ సంగతి నాకు తెలుసు. ఒకడి చొక్కా గుండీ ఊడిందని తెలిస్తే ఆ ముచ్చట సంగనకల్లు దాకా పోతుంది. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను, బావకు అసలే చెప్పకూడదనుకున్నాను.

ఇక మా అత్త చేసిన ఘనకార్యం. మా ఆడపడుచు అప్పుడు కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది, నెలలు నిండాయి. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే ఎక్కడా ముడి ఉండకూడదు, ముడి ఉంటే కాన్పు కష్టమవుతుందని మా అత్త పట్టు. కర్టెన్ తాళ్ళు విప్పింది, మూటలు విప్పింది, బియ్యం బస్తా మూతి విప్పింది. ఆ ఇంట్లో ఆమె చెయ్యి పడకుండా మిగిలింది మా బావ నిక్కరు నాడా ఒక్కటే. సోర్సప్ప వైర్లన్నీ పరిచి, తలలు వేలాడదీసి, రేపు సాయంత్రం తగిలిస్తానని వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే మా అత్త వాటి ముళ్ళు కూడా విప్పి దారాలు పొయ్యిలో పడేసింది. నేను బడికి వెళ్ళాను, నాకు తెలియదు.

ఆ సాయంత్రం మా బావ తన తోటి టిప్పర్ల ఓనర్లను పిలిచాడు. ఎనిమిది మందో తొమ్మిది మందో వచ్చారు. ఇక్కడ బొమ్మ నచ్చితే తమ ఇళ్ళల్లో కూడా పెట్టించుకుందామని వచ్చినవాళ్ళే అందరూ. సోర్సప్ప ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆ ఒక్క సాయంత్రం మీద అతని రెండు మూడేళ్ళ పని ఆధారపడి ఉందని అతనికి తెలుసు, నాకూ తెలుసు.

ప్రొజెక్టర్ వెనక్కి వెళ్ళి వంగిన మనిషి ఎంతకీ లేవలేదు. ఒకసారి మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చేటప్పుడు చూశాను, వైర్ల తలల కింద వేళ్ళతో తడుముతున్నాడు. మెడ మీద చెమట. చుట్టూ మగవాళ్ళు నిలబడి ఉన్నారు, ఏం అడగగలడు? చివరికి తగిలించాడు. లైట్లు తీశారు. సోర్సప్ప వచ్చి తెరకు వీపు పెట్టి, మా వైపు తిరిగి కుర్చీలో కూర్చున్నాడు.

మిరపచేను వచ్చింది. ఆకులన్నీ ఎర్రగా ఉన్నాయి, పండుకాయలన్నీ పచ్చగా ఉన్నాయి. చేను మధ్యలో నిలబడ్డ రైతు మొహం చెరువు పాచిలా ఉంది.

ఒకాయన దగ్గాడు. మొహాలు చదవడమే పనిగా బతికిన మనిషికి మా మొహాల్లో ఏదో తప్పు కనిపించింది, అది ఏ తప్పో మాత్రం తెలియదు. వెనక్కి తిరిగి చూసినా తెలియదు, అందుకే తిరగలేదు. నా వైపు చూశాడు.

"అక్కా, మెరపకాయలు ఎట్లుండాయి?"

అంతకుముందు ఎన్నోసార్లు విన్న ప్రశ్నే.

"పచ్చికాయలు పండినాయి, పండుకాయలు పచ్చిగయినాయి అప్పా" అన్నాను, మామూలుగా. "మా అత్త పొద్దున నీ వైర్ల ముళ్ళు విప్పేసినట్టుండాది. నీవు చూసుకోలే."

మూల నుంచి మా అత్త అందుకుంది. "కడుపుతో ఉండే పిల్ల ఇంట్లో ముళ్ళేందప్పా? ఎవురు పెట్టినా విప్పుతా."

అందరూ ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుల్లో నేను టార్చి పట్టుకుని ప్రొజెక్టర్ వెనక్కి వెళ్ళాను. అతనూ వచ్చాడు. రెండు తలలు పీకి అటుదిటు మార్చాను. దారం కోసం అతను జేబులు తడుముకుంటుంటే మా అత్త చెవులు పాములవి కదా, "మల్ల ముడేస్తాండావా?" అని అక్కడి నుంచే కేక వేసింది. ముడి వేయడానికి లేదు. వేయకపోతే ఇంకోసారి ఊడదీసినప్పుడు మళ్ళీ ఇదే కథ.

నా గాజులకు ఎప్పుడూ పిన్నీసులుంటాయి, ఏ ఆడదానికి ఉండవు? మూడు తీశాను. ఎరుపు తల కింద ఒకటి గుచ్చాను, ఆకుపచ్చ తల కింద రెండు. అతని వేలు పట్టుకుని వాటి మీద పెట్టాను. ఒకటి, రెండు అని చెప్పలేదు, చెప్పాల్సిన పని లేదు.

"ఎప్పటి నుంచి తెలుసక్కా?" అన్నాడు, నాకొక్కదానికే వినపడేలా.

"టొమేటోల కాడి నుంచి."

"ఎవురికన్నా..."

"బడిలో లెక్కలు చెప్పేదాన్ని అప్పా, ఊరికి చాడీలు చెప్పేదాన్ని కాదు. పోయి కూర్చో."

పోయి కూర్చున్నాడు. మిరపచేను ఈసారి మిరపచేనులా వచ్చింది. పండుకాయలు చూసి ఒకాయన గుటక వేశాడు. ఆ సాయంత్రమే ముగ్గురు తమ ఇళ్ళకు రమ్మన్నారు, ఆ తర్వాత మిగతావాళ్ళు. మా ఆడపడుచుకు రెండు రోజులకు సులువుగా కాన్పయింది. ముళ్ళు విప్పినందుకేనని మా అత్త ఇప్పటికీ అంటుంది, నేను ఎదురు చెప్పను.

అప్పటి నుంచి సోర్సప్ప ముళ్ళు మానేశాడు. ఏ ఇంట్లో పని ఒప్పుకున్నా ఆ ఇంటావిడను ముందు మూడు పిన్నీసులు అడిగి, ఎర్ర తలకు ఒకటి, పచ్చ తలకు రెండు ఆమె చేతే పెట్టించేవాడు. ఎందుకని అడిగితే బొమ్మ కదలకుండా ఉంటుందనేవాడు. మా వాళ్ళు నమ్మేశారు. పిన్నీసులు లేని థియేటర్‌ను చూసి "దీనికేంది, పిన్నీసులు పెట్టలేదా?" అని మూతి విరిచేవాళ్ళను నేనే చూశాను. ఒకాయన వెండి పిన్నీసులు చేయించాడు.

తర్వాత కాలం మారింది. అయిదు తలల వైరు పోయి ఒకే తల వైరు వచ్చింది, దానికి రంగుల్లేవు. డిస్కులు పోయి నెట్ వచ్చింది. సోర్సప్పకు పని తగ్గింది. అయినా కొత్త టీవీ కొన్నప్పుడల్లా పిలిచేవాళ్ళం, వచ్చి వీపు పెట్టి కూర్చునేవాడు. నెట్ సినిమా అంటే అతనికి చిరాకు. "సాయంత్రమైతే ఊరంతా ఒకే గొట్టం నుంచి తాగుతాదక్కా. పాలల్లో నీళ్ళు పోసినట్టు బొమ్మను పల్చన చేసి పంపుతారు. డిస్క్ అయితే పొదుగు కాడ తాగినట్టు" అనేవాడు. కిందటిసారి వచ్చినప్పుడు మెడలోని తాడు నుంచి ఒక పెన్ డ్రైవు తీసి నా చేతిలో పెట్టాడు. "మెరపకాయలు. పెట్టుకో, నీకు పనికొస్తాది" అన్నాడు. నాకేం పనికొస్తుందని విసుక్కున్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నిన్న కబురు విన్నాక ఊరుకోలేకపోయాను. మనిషే పోయాక ఇంక దాపరికం దేనికని మా బావకు చెప్పాను. "బావా, నీకొక సంగతి తెలుసా? సోర్సప్పకు ఎరుపూ ఆకుపచ్చా తెలిసేవి కాదు."

మా బావ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"వాడు మొదట నా కాడికే డ్రైవర్ పనికొచ్చినాడు. కంటి పరీక్షలో తప్పినాడు, లారీ లైసెన్సు ఇయ్యలే. నాదొక్కటే గాదు, ఆ పొద్దు మనింటికి వచ్చినారే, వాళ్ళల్లో నలుగురైదుగురి కాడ తిరిగినాడు పని కోసం. అందరికీ తెలుసు."

ఎవడి గుండీ ఊడినా దండోరా వేసే మనుషులు. ఎర్రటి ఆకుల చేను చూసి ఒక్కడూ నోరు విప్పలేదు, ఒకాయన దగ్గి ఊరుకున్నాడు. ముగ్గురు ఆ సాయంత్రమే అతన్ని ఇంటికి రమ్మన్నది బొమ్మ నచ్చేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"తెలిసీ మన థియేటర్‌కు వాణ్ణే ఎందుకు పిలిచినావు?"

"రంగులు చెప్పేకి నువ్వుండావు గదా" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"మరి నాకెందుకు చెప్పలే ఇన్నేండ్లు?"

"నీకు తెలిస్తే నవ్వుతావని."

కోపమొచ్చింది, వచ్చినంత తొందరగానే పోయింది. టొమేటోల బండి దగ్గర ముందు నవ్వింది నేనే కదా. లేచి వెళ్ళి బీరువాలో వెతికి పెన్ డ్రైవు తెచ్చాను. టీవీకి పెట్టాను. మిరపచేను ఊగడం మొదలైంది. కుర్చీ లాక్కుని తెరకు వీపు పెట్టి, మా బావ వైపు తిరిగి కూర్చున్నాను.

"మెరపకాయలు ఎట్లుండాయి బావా?"

మా బావ భుజం మీది తువ్వాలు తీసి కళ్ళు ఒత్తుకుంటున్నాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా తువ్వాలు తీయని మనిషి.

"ఏమైంది?"

"ఘాటు" అన్నాడు.

సోర్సు మంచిదే.